నాదస్వరం రికార్డు చంకన పెట్టుకొని తిరిగిన రోజులు

కోఠీ గుజరాతీ గల్లీలో ఒక మేడ మెట్ల కింద, ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడితే నిండిపోయే దుకాణం ఒకటి ఉండేది. దానికి బోర్డు లేదు. లోపల అమ్మకానికి పెట్టిన సరుకు కూడా పెద్దగా ఉండేది కాదు. ఒక పాత సోనోడైన్ యాంప్లిఫయరు, మూతలు ఊడదీసిన రెండు క్యాసెట్ డెక్కులు, గోడ మేకుకు వేలాడే రబ్బరు బెల్టుల కట్టలు, వాటి మధ్య అట్ట చిరిగిన పొడవాటి లెక్కల పుస్తకం ఒకటి కనబడేవి. ఆ దుకాణం నడిచింది ఆ పుస్తకం మీదనే.

పాటలు వినే పాత హైఫై సామగ్రిని అమ్మదలచినవాళ్ల వివరాలను ఎడమవైపు పేజీల్లోనూ, కొనదలచినవాళ్ల వివరాలను కుడివైపు పేజీల్లోనూ దుకాణదారు నీలిసిరాతో రాసుకొనేవారు. వస్తువు, పేట, అడిగిన ధర, ఫోను నంబరు వరసగా ఉండేవి. చాలా నంబర్ల పక్కన ‘పి.పి.’ అని రాసి ఉండేది. అది పక్కింటివాళ్ల ఫోను, పిలిస్తే మనిషి వచ్చి మాట్లాడతాడని దాని అర్థం. ఎడమ పేజీలో ఉన్న వస్తువుకు కుడి పేజీలో మనిషి దొరికిన రోజున ఆయన ఇద్దరికీ కబురు పెట్టేవారు. బేరం కుదిరితే ఒక్కొక్కరి దగ్గర నూటికి 5 రూపాయల చొప్పున తీసుకొనేవారు. సరుకు కొని దుకాణంలో ఎందుకు పెట్టుకోరని ఒకసారి అడిగాను. "కొని పెట్టుకుంటే వడ్డీ నా నెత్తిన పడుతుంది సార్, రాసి పెట్టుకుంటే సిరా ఖర్చుతో పోతుంది" అన్నారు. 1996లో, నా 29వ ఏట, ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఉన్నప్పుడు నా పేరు మొదటిసారి ఆయన కుడి పేజీలోకి ఎక్కింది. ఆ తరవాత పన్నెండేళ్లపాటు నేను ఆ పుస్తకంలో కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి మారుతూనే ఉన్నాను.

ఆ పన్నెండేళ్లలో పాత హైఫై సామగ్రికి గిరాకీ ఎంత తక్కువగా ఉండేదో ఇవాళ్టి ధరలు చూసేవారికి నమ్మశక్యంగా ఉండదు. ఒక మంచి యాంప్లిఫయరు అమ్ముడుపోయి, పుస్తకంలో దాని పేరు మీద అడ్డగీత పడడానికి ఆరునెలలు పట్టడం మామూలు విషయం. 1991 తరవాత దిగుమతుల మీద ఆంక్షలు సడలుతూ వచ్చాయి; కాంపాక్ట్ డిస్కులు వాడుకలోకి వచ్చాయి; కొత్త ఎల్పీలు (పెద్ద గ్రామఫోను రికార్డులు) దుకాణాల్లో కనబడడం దాదాపు ఆగిపోయింది. వీటన్నిటికంటే గట్టి దెబ్బ తీసింది మాత్రం ఒక చిన్న కాగితపు ముక్క. మెరిసే ప్లాస్టిక్ మినీ సిస్టముల ముందుభాగాన అంటించిన ‘పి.ఎం.పి.ఓ. 2000 వాట్లు’ అనే స్టిక్కరు అది.

ఆ స్టిక్కరు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మేము అమ్మబోయిన ప్రతి వస్తువూ దానితో తలపడవలసి వచ్చింది. ఒక యాంప్లిఫయరు ఆగకుండా, శబ్దం చెదరకుండా ఎంత శక్తి ఇవ్వగలదో చెప్పేది ఆర్.ఎం.ఎస్. లెక్క. పి.ఎం.పి.ఓ. అనే లెక్కకు అందరూ ఒప్పుకొన్న కొలత పద్ధతి ఏదీ లేదు. రెప్పపాటు కాలంలో, శబ్దం ఎంత చెడినా సరే, అన్ని ఛానళ్లూ కలిపి ఊహించగల గరిష్ఠ శక్తిని కాగితం మీద గుణించి ఆ అంకె వేసేవారు. అమెరికాలో ఇలాంటి అంకెల గందరగోళాన్ని అదుపు చేయడానికి 1974లోనే యాంప్లిఫయర్ల ప్రకటనలకు నిబంధన పెట్టారు. మన బజారులో అడిగేవారు లేరు. దాంతో ఛానలుకు 25 వాట్లు నిజాయితీగా ఇచ్చే, ఎనిమిది కిలోల బరువున్న పాత యాంప్లిఫయరును చూపించినప్పుడు వచ్చినవాళ్లు మొదట అడిగేది "ఎన్ని వాట్లు?" అనే. 25 అనగానే వాళ్ల ముఖంలో ఆసక్తి చల్లారిపోయేది. మూత తీసి, అరచేతికి నిండుగా ఉన్న ట్రాన్స్‌ఫార్మరును, వేడిని లాగే అల్యూమినియం రెక్కలను చూపించి, ఈ బరువే అసలు లెక్క అని నేను ఎంతోమందికి చెప్పాను. విని నమ్మినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

అమ్మేవాళ్ల పక్షాన ఇంకొక చిక్కు ఉండేది. దుబాయి నుంచో సింగపూరు నుంచో ఎనభైలలో ఈ సామాను తెచ్చుకొన్నవాళ్లు విమానాశ్రయంలో భారీగా సుంకం కట్టారు. ఆ రసీదును ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఇంటి దస్తావేజులతో సమానంగా బీరువాలో దాచుకొనేవారు. బేరం మొదలుకాగానే ఆ రసీదు బయటికి వచ్చేది. "సుంకమే ఇంత కట్టానండీ, ఇక దీని ఖరీదు మీరే చూసుకోండి" అనేవారు. వాళ్ల మాటలో అబద్ధం లేదు. పెట్టిన డబ్బు నిజం, ఇంటిల్లిపాదీ దాని చుట్టూ కూర్చొని పాటలు విన్న సాయంత్రాలు నిజం. ఎదుటివాడు మాత్రం పక్క వీధిలో కొత్త మినీ సిస్టము ధర చూసి వచ్చినవాడు. ఆ రెండు లెక్కల మధ్య ఉన్న దూరం ఒక్క కూర్చోబాటులో తగ్గేది కాదు. అందుకే ఆ రోజుల్లో ఎవరూ తొందరపడేవారు కాదు. తొందరపడి ప్రయోజనం లేదని ఇద్దరికీ తెలుసు.

ఆ మందకొడితనం నాకు ఇచ్చిన గొప్ప వరం వినడానికి దొరికిన సమయం. కొనడానికి వెళ్తే రెండు గంటలు కూర్చోబెట్టేవారు, కాఫీ ఇచ్చేవారు, రికార్డు వెంట రికార్డు వేసి వినిపించేవారు. నా ఇంటికి ఎవరైనా వస్తే నేనూ అంతే చేసేవాణ్ణి. ధర మాట ఆఖరున వచ్చేది, ఒక్కోసారి ఆ రోజు వచ్చేదే కాదు.

బేరానికి వెళ్లేటప్పుడు నా వెంట ఒక గుడ్డసంచి ఉండేది. అందులో మల్టీమీటరు, స్క్రూడ్రైవర్లు, చిన్న టార్చిలైటు, ఒకటిన్నర వోల్టుల పెన్సిల్ బ్యాటరీ, రెండు ముక్కల వైరు, బల్బు హోల్డరు పెట్టుకొనేవాణ్ణి. చాలాకాలం మూలన పడి ఉన్న యాంప్లిఫయరును నేరుగా ప్లగ్గులో పెట్టకూడదు. కరెంటు దారిలో ఒక 100 వాట్ల బల్బును వరసగా కలిపి చూడాలి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే లోపల ప్రమాదమేమీ లేదని అర్థం. నిండుగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టు ఉన్నట్టు. స్పీకరు తీగలకు పెన్సిల్ బ్యాటరీని ఒక్క క్షణం తాకిస్తే ఊఫరు (మంద్రధ్వనులు పలికే పెద్ద కోను) ముందుకు కదిలి ‘థప్’ మనాలి. గీరుకొన్న చప్పుడు వస్తే కోను వెనక తీగచుట్ట, అంటే కాయిలు, చెడిందని వదిలేయాలి. వాల్యూము నాబు తిప్పినప్పుడు బరబరమంటే భయపడవలసింది లేదు, దుమ్ము తుడిస్తే పోతుంది. ట్రాన్స్‌ఫార్మరు నుంచి కాలిన వార్నిషు వాసన వస్తే మాత్రం ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకూడదు. ఇవన్నీ ఆ మెట్ల కింద దుకాణంలో నిలబడి నేర్చుకొన్నవే.

సంచితోపాటు చంకలో ఒక ఎల్పీ ఉండేది. అది షేక్ చినమౌలానా గారి నాదస్వరం. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, తంజావూరు సీమవాళ్ల చేత ఔననిపించుకొన్న ఆ మహావిద్వాంసుడి మీద నాకున్న భక్తి ఒక కారణం. రెండోది, సామగ్రిని పరీక్షించడానికి నాదస్వరాన్ని మించినది నాకు దొరకలేదు. సినిమా పాటలో పదిరకాల వాద్యాలు కలిసిపోయి లోపాలను కప్పేస్తాయి. నాదస్వరం ఆరుబయట గుడి ప్రాకారాల మధ్య పలకడానికి పుట్టిన వాద్యం. ఊదే చోట ఉండే దాని పీకె పలికే పదునును, హెచ్చు స్వరాలు పలికే ట్వీటరు సరిగా మోయలేకపోతే వెంటనే చెవిలో గుచ్చుకొంటుంది. డోలు ఎడమ ముఖం మీద పుల్లతో కొట్టిన దెబ్బ గట్టిగా, పొట్టిగా వచ్చి ఆగిపోవాలి. మూలుగుతూ సాగితే ఊఫరుదో, పెట్టెదో తప్పు ఉంటుంది. పైగా పెళ్లిళ్లలో, తిరునాళ్లలో నాదస్వరాన్ని నాలుగడుగుల దూరం నుంచి విన్న చెవులు మనవి. అది ఎలా ఉండాలో ఎవరూ మనకు చెప్పనక్కరలేదు.

1999లో వెస్ట్ మారేడుపల్లిలో జరిగిన ఒక బేరం నాకు ఇప్పటికీ ఇష్టమైన జ్ఞాపకం. రిటైరైన లెక్చరరు ఒకాయన దగ్గర, అమెరికాలో ఉన్న కొడుకు పంపిన, రికార్డులు తిప్పే టర్న్‌టేబులు ఉంది. దానికి తగిన ట్రాన్స్‌ఫార్మరు కూడా కొని 230 వోల్టులను 120కి తగ్గించుకొన్నారు. అయినా పాట ఏడుస్తున్నట్టు సాగుతూ వస్తోందని, బెల్టు మార్పించినా, మోటారుకు నూనె వేయించినా బాగుపడలేదని చెప్పారు. చూసిన మెకానిక్కు మోటారు అరిగిపోయిందని తేల్చేశాడు. రెండేళ్లుగా అది అటక మీద ఉంది. 1,400 రూపాయలకు ఇచ్చేస్తానన్నారు.

దాన్ని తిరగేసి వెనక రేకు చదివాను. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంది. అప్పుడు విషయం బోధపడింది. ట్రాన్స్‌ఫార్మరు వోల్టులను మార్చగలదు, కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగి వస్తుందో ఆ సంఖ్యను (హెర్ట్జ్) మార్చలేదు. అమెరికాలో అది 60, మన దేశంలో 50. ఆ టర్న్‌టేబులులో ఉన్నది సింక్రోనస్ మోటారు. అది వోల్టులను బట్టి కాక ఆ సంఖ్యను బట్టి తిరుగుతుంది. ఆరింట అయిదు వంతుల వేగమే వస్తుంది కాబట్టి, నిమిషానికి 33⅓ చుట్లు తిరగవలసిన రికార్డు 28 కూడా తిరగడం లేదు. దాంతో పాట నెమ్మదించడమే కాదు, శ్రుతి కూడా మూడు స్వరస్థానాలకు పైగా దిగిపోతుంది. అయిదు శ్రుతిలో పాడిన గాయని మూడు శ్రుతి కంటే కిందికి దిగి, మగగొంతుతో పాడినట్టు వినిపిస్తుంది. మోటారులో లోపమేమీ లేదు. మోటారు ఇరుసు మీద ఉన్న చిన్న పుల్లీని కొంచెం లావుది వేస్తే సరిపోతుంది.

ఇది తెలిసిన తరవాత చెప్పకుండా 1,400 ఇచ్చి పట్టుకుపోవడం నాకు మనస్కరించలేదు. లోపం ఎక్కడుందో, దాన్ని ఎలా సరిచేయవచ్చో ఆయనకు చెప్పి, ఇప్పుడు దీని విలువ మీరు అడిగినదానికంటే ఎక్కువే అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "ఈ వయసులో పుల్లీల వెంట నేనెక్కడ తిరగను నాయనా? నువ్వే తీసుకుపో. ధర అదే. బాగుపడ్డాక ఒక్కసారి నా రికార్డు నాకు వినిపించు, చాలు" అన్నారు.

రాణీగంజ్‌లో ఒక లేతు మేస్త్రీ చేత ఇత్తడి కడ్డీతో పుల్లీ చేయించాను. పాతదాని వ్యాసం సరిగ్గా 10 మిల్లీమీటర్లు. ఆరింట ఒక వంతు లోటును పూడ్చాలంటే 12 కావాలని లెక్క వేసి ఇచ్చాను. బిగించి, 180 గీతల స్ట్రోబు అట్టను తిరిగే పళ్లెం మీద పెట్టి, చోకు ఉన్న ట్యూబులైటు కింద చూశాను. 50 హెర్ట్జ్ కరెంటు మీద ఆ ట్యూబు సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. వేగం సరిగ్గా ఉంటే ఆ గీతలు కదలకుండా నిలబడినట్టు కనిపించాలి. అవి మెల్లగా వెనక్కి జారుతున్నాయి. ఇంకా నూటికి దాదాపు ఒక వంతు వేగం తక్కువగా ఉంది. రాత్రంతా ఆలోచిస్తే తప్పు తెలిసింది: బెల్టు మందాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. బెల్టు మందం 0.6 మిల్లీమీటర్లు, దాన్ని కూడా కలుపుకొంటే కావలసిన పుల్లీ 12 కాదు, 12.12. మర్నాడు మేస్త్రీ దగ్గరికి వెళ్లి ఆ కాస్త పెంచమని అడిగాను. "లావుగా ఉంటే చెక్కుతా గానీ సార్, సన్నగా ఉంటే అతికించలేను కదా" అని ఆయన ఇంకో కడ్డీ బిగించారు. ఆ రెండో పుల్లీతో గీతలు నిలబడిపోయాయి. ఆదివారం నాడు లెక్చరరుగారిని ఆటోలో మా ఇంటికి తీసుకొచ్చి ఆయన రికార్డు వేశాను. కళ్లు మూసుకొని ఒక కృతి మొత్తం విన్నారు. "ఇదీ ఆవిడ శ్రుతి" అన్నారు. కాఫీ తాగి, ఆ రికార్డును కూడా నాకే ఇచ్చి వెళ్లారు.

ఆ పన్నెండేళ్లలో నా చేతుల మీదుగా వెళ్లినవి ఇంకా చాలా ఉన్నాయి. ఎర్రగడ్డ ఆదివారం సంతలో తూకానికి పోబోతుంటే కొన్న హెచ్.ఎం.వి. ప్లేయరు ఒకటి, జుమ్మెరాత్ బజారులో దొరికిన, బెల్టులు కరిగి తారులా అయిపోయిన క్యాసెట్ డెక్కు ఒకటి వాటిలో ఉన్నాయి. కొన్నవన్నీ లాభం తేలేదు. ఒకసారి ఒక యాంప్లిఫయరుకు, శబ్దానికి శక్తినిచ్చే ఎస్.టి.కె. మాడ్యూలు పోయింది. అసలుదని చెప్పి ఒక దుకాణంలో అమ్మిన మాడ్యూలు నకిలీది. వేసిన నాలుగో రోజు స్పీకర్ల దారిలోకి నేరు కరెంటు (డి.సి.) వదిలి, మంచి ఊఫర్లు రెండింటిని కాల్చేసింది. అప్పటినుంచి ఏ యాంప్లిఫయరునైనా స్పీకరు తగిలించే ముందు దాని కొసల దగ్గర నేరు వోల్టులు ఎన్ని వస్తున్నాయో మల్టీమీటరుతో చూడడం మొదలుపెట్టాను. 50 మిల్లీవోల్టులు దాటితే స్పీకరు తగిలించను. అమ్మేటప్పుడు కూడా ప్రతి వస్తువు వెనక ఒక కాగితం అంటించి, అందులో ఉన్న లోపాలు, నేను మార్చిన భాగాలు రాసేవాణ్ణి. లోపాలు ముందే చెబితే బేరం చెడుతుందని కొందరు అనేవారు. చెడిన బేరాలు ఉన్నాయి గానీ, వస్తువు తిరిగి నా గుమ్మం ముందుకు వచ్చిన సందర్భం ఒక్కటీ లేదు.

అమ్మడానికి అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టింది ఇంగ్లండులో తయారైన ఒక జత స్పీకర్లు. విశాఖపట్నంలో మెరైన్ ఇంజనీరుగా పనిచేసిన ఒకాయన సింగపూరులో కొని ఓడలో తెచ్చుకొన్నారు. పది అంగుళాల ఊఫరు, మధ్యస్థాయికి వేరే కోను, ట్వీటరు ఉన్న మూడు దారుల పెట్టెలు అవి. ఒక్కొక్కటి 23 కిలోలు. 2000లో వాటిని 9,000 రూపాయలకు తెచ్చాను. మరుసటి ఏడాది మేము అపార్టుమెంటుకు మారాం. పదీ పదకొండు అడుగుల గదిలో అవి గోడలకు ఆనుకొని, డోలు దెబ్బ గదంతా మూలిగేలా చేసేవి. వాటికి తగిన చోటు నా దగ్గర లేదని ఒప్పుకోవడానికి నాకు కొంతకాలం పట్టింది. చివరికి కోఠీ దుకాణదారు పుస్తకంలో ఎడమ పేజీలో 12,000 అని రాయించాను, దినపత్రికలో చిన్న ప్రకటన కూడా వేశాను.

పద్నాలుగు నెలలు అవి అలాగే ఉన్నాయి. ఒకరు వచ్చి వాట్లు అడిగారు, 60 అనగానే లేచారు. ఒకరు ఊఫర్లు మాత్రం ఇమ్మన్నారు, కారులో పెట్టుకోవడానికి. ఇంకొకరు 4,000 ఇస్తాం, ఇంట్లో పనిచేయని డీవీడీ ప్లేయరు కూడా తీసుకోండి అన్నారు. ఇంట్లో దుమ్ము తుడిచినప్పుడల్లా మా ఆవిడ వాటి మీద గుడ్డ కప్పి, "వీటికి వేళ రాలేదేమో" అనేది. నేను నెలకో 500 తగ్గిస్తూ పోయాను. ఆ సంగతి తెలిసి దుకాణదారు నన్ను మందలించారు. "అలా తగ్గించకండి సార్. తగ్గుతోందని తెలిస్తే కొనేవాడు ఇంకో నెల ఆగుదామనుకుంటాడు. మీ చివరి మాట ఎంతో ఒక్కసారే చెప్పి అక్కడ నిలబడండి" అన్నారు. కొన్న ధరకు 500 తక్కువకు, 8,500 అని రాయించి ఊరుకొన్నాను. నెమ్మది మార్కెట్టులో ధర గురించి నేను విన్న మాటల్లో పనికి వచ్చినది ఇదే.

2002 చలికాలంలో ఒకాయన ఫోను చేశారు. కాజీపేటలో ఉండే రైల్వే డ్రైవరు. బండి తీసుకొని సికింద్రాబాద్ వచ్చినప్పుడు రన్నింగు రూములో దొరికే విశ్రాంతి గంటల్లో ఒక రెండు గంటలు మా ఇంటికి వస్తానన్నారు. ఆయన వాట్లు అడగలేదు. కుర్చీ ఎక్కడ వేసుకోమంటారని అడిగారు. నాదస్వరం రికార్డు వేశాను. ఒక వైపు పూర్తయ్యాక, "ఇంకొకసారి వేస్తారా సార్?" అన్నారు. ఆ రోజు ధర మాట లేకుండానే వెళ్లిపోయారు. మూడు వారాల తరవాత మళ్లీ వచ్చి అదే రికార్డు అడిగి విన్నారు. ఇంజను మోత నడుమ ఇన్నేళ్లు పనిచేసిన చెవులతో ఎంత వినగలనో తేల్చుకోవాలనుకొన్నానని, చెవుల కోసం ఆలోచిస్తున్నానే గాని ధర కోసం కాదని అప్పుడు చెప్పారు. మూడోసారి వచ్చినప్పుడు 3,500 తెచ్చారు. మిగిలిన 5,000 రెండు జీతాల మీద ఇస్తానన్నారు. స్పీకర్లు అప్పుడే తీసుకెళ్లమన్నాను. బొంతలు చుట్టి, తాళ్లు కట్టి, పార్సిలులో బుక్ చేశాం. చెప్పిన రెండు నెలల్లో రెండుసార్లు 2,500 మనియార్డరులో వచ్చింది.

2008 ప్రాంతంలో కోఠీ దుకాణం మూతపడింది. దుకాణదారు ఆరోగ్యం బాగులేక పుస్తకం నాకు ఇస్తానన్నారు. నేను వద్దన్నాను, ఇప్పుడు తలచుకొంటే తీసుకోవలసింది అనిపిస్తుంది. ఆ నీలిసిరా అక్షరాల్లో నగరంలోని ఎన్ని ముందుగదుల సంగీతం ఉందో లెక్క కట్టగలిగేవాళ్లం.

తరవాత కాలం మారింది. 2010లో తయారీ ఆపేసిన టెక్నిక్స్ ఎస్.ఎల్.1200 వరస టర్న్‌టేబులు 2016లో మళ్లీ బజారుకు వచ్చింది. అమెరికాలో 2022లో అమ్ముడైన ఎల్పీల సంఖ్య సీడీల సంఖ్యను దాటింది. 1987 తరవాత అలా జరగడం అదే మొదలు. ఇక్కడ కూడా పాత జపాను రిసీవర్లకు, ఎల్పీలకు గిరాకీ పెరిగింది. నేను 2,000కు అమ్మినవాటికి ఇప్పుడు అంతకు పదిరెట్లు అడుగుతున్నారు. ఈ రంగం మళ్లీ బతికినందుకు నాకు నిజమైన సంతోషం ఉంది. కాని ఇప్పుడు నాకు వచ్చే ఫోనుల్లో వినడానికి వస్తామన్న మాట చాలా అరుదుగా ఉంటుంది. నాలుగు ఫొటోలు పంపమంటారు, ముందు పలక మీద గీతలున్నాయా అని అడుగుతారు, డబ్బు వెంటనే పంపిస్తారు, కొరియరు మనిషి వచ్చి తీసుకుపోతాడు. ఆ వస్తువు ఎలా పలుకుతుందో వాళ్లకు నేను చెప్పే అవకాశం ఉండదు, వాళ్లకు ఎలా వినిపించిందో నాకు తెలిసే అవకాశమూ ఉండదు.

2017లో కాజీపేట నుంచి ఫోను వచ్చింది. "సార్, కోను చుట్టూ ఉన్న స్పంజి పొడిపొడిగా రాలిపోతోంది" అన్నారు డ్రైవరుగారు. అప్పటికి ఆయన రిటైరై అయిదేళ్లయింది. రాలడం వింత కాదు. ఆ కాలపు ఊఫర్ల అంచులకు వాడిన పాలియురిథేన్ స్పంజి గాలిలోని తేమకు, ఆక్సిజనుకు క్రమంగా విరిగిపోతుంది. రబ్బరు అంచులు దానికంటే ఎక్కువ కాలం ఉంటాయి. మన ఉక్కపోతలో ఆ స్పంజి అంతకాలం నిలిచినందుకే సంతోషించాలి. పది అంగుళాల కొత్త అంచులు రెండు తెప్పించుకొని, సంచి సర్దుకొని, రికార్డు చంకన పెట్టుకొని ఉదయం బండికి బయలుదేరాను. ఆ స్పీకర్లను ఎవరో చూసి 60,000 ఇస్తామన్నారని, ఆలోచించవలసిన పని లేకుండా వద్దన్నానని ఆయన స్టేషను నుంచి ఇంటికి వెళ్లే దారిలో చెప్పారు.

వరండాలో పాత వార్తాపత్రికలు పరిచి, ఊఫర్లను విప్పి, స్పిరిటుతో పాత జిగురును మెత్తబరిచి, మొద్దు చాకుతో ఇద్దరం గీకాం. కోను కాగితం చిరగకుండా ఆ పని చేయడానికి మధ్యాహ్నం దాటింది. కొత్త అంచును ముందు కోనుకు అతికించి, అది పట్టుకొన్నాక చట్రానికి అతికించాలి. ఆ రెండో అతుకు వేసేటప్పుడే కోనును నాలుగు వేళ్లతో సమానంగా నొక్కి వదులుతూ, లోపల కాయిలు ఎక్కడా గీరుకోవడం లేదని చెవి దగ్గర పెట్టుకొని చూసుకోవాలి. జిగురు ఆరడానికి రాత్రంతా వదిలేయాలి కాబట్టి అక్కడే పడుకొన్నాను. వదినగారు జొన్నరొట్టెలు, పచ్చిపులుసు పెట్టారు.

తెల్లవారి పెన్సిల్ బ్యాటరీ తాకించాను. రెండు ఊఫర్లూ ముందుకు కదిలి ‘థప్’ మన్నాయి. బిగించి, నాదస్వరం వేశాను. ఆయన పదిహేనేళ్ల కిందట మా ఇంట్లో కూర్చొన్నట్టే, రెండు పెట్టెలకు సమాన దూరంలో కుర్చీ వేసుకొని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని కూర్చొన్నారు. ఒక వైపు అంతా అయిపోయి సూది చివరి గాడిలో తిరుగుతూ ఉండగా, ఆయన కొంచెం ముందుకు వంగి, "సార్, ఎడమ పెట్టెలో డోలు ఇంకా కొంచెం బిగుసుకొని ఉన్నట్టు లేదూ?" అన్నారు. కొత్త అంచు వదులు కావడానికి కొన్ని గంటలు ఆడాలని చెప్పాను. అయితే ఆడిద్దామని ఆయన లేచి, రికార్డును తిప్పి వేశారు.